ముత్తమ్మ కట్టిన కట్టు

మా చాల్‌లో నల్లా తెల్లవారి ఐదింటికి వచ్చి ఆరున్నరకు పోయేది. ఆ గంటన్నరలో ముప్పై ఆరు ఒంటిగది ఖోలీల బిందెలు నిండాలి. బొంబాయి కామాఠిపురాలో ఏ చాల్ ముందు నుంచి వెళ్లినా ఆ వేళకు తిట్లూ బిందెల చప్పుడూ కలిసి వినిపించేవి. మా చాల్‌లో బిందెల చప్పుడు ఒక్కటే వినిపించేది. అందుకు కారణం ముత్తమ్మ.

ఆమె నల్లా పక్కన చెక్కపీట వేసుకుని కూర్చునేది. ముందురోజు సాయంత్రమే ఎవరి బిందె వాళ్లు వరుసలో పెట్టి పోయేవాళ్లు. ఏ బిందె ఎవరిదో ఆమెకు సొట్టలను బట్టి తెలుసు. ఈ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. ఎప్పుడో ఒక కొట్లాటలో ఒకామె తల పగిలితే, మర్నాడు ముత్తమ్మ పీట తెచ్చుకుని కూర్చుందట. ఆ తర్వాత లేవమని ఎవరూ అనలేదు. ఆమె బిందె కూడా వరుసలోనే ఉండేది, ఒక్కోసారి చిట్టచివరన. ముందు పట్టుకోవచ్చుగా అని ఎవరైనా అంటే, "పీట మీద కూసుంది నేను. బిందె గాదు," అనేది.

ఆమెది పాలమూరు జిల్లా. పదమూడేళ్లప్పుడు మేస్త్రి వెంట వచ్చి, నలభై ఏళ్లు సున్నం తట్టలు మోసింది. నడినెత్తిన రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఉండేవి కావు. ఆమెతో బస్సులో వెళ్తే పెద్ద పెద్ద మేడల అంతస్తులు చూపించి, "గా మూడో మాడీ నా నెత్తి మీదికెల్లే పోయింది," అనేది, తన నగ చూపించినట్టు. భర్త మొగులయ్య పరంజా మీంచి పడి పోయాడు. ఒక్కతే బిడ్డ, రత్నాబాయి. ఆమెను ధారావిలో ఇచ్చింది.

నా పేరు శంకర్రావు. మా తాత రాతిపనికి వచ్చినవాడు. నేను కెమిస్ట్రీలో బీఎస్సీ చదివి, నీటి పరీక్షల లాబ్‌లో అసిస్టెంటుగా చేరాను. చాల్‌లో సర్కారు నౌకరీ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. రేషన్ కార్డు ఫారమైనా, ఊరి నుంచి వచ్చిన ఉత్తరమైనా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. ముత్తమ్మ మాత్రం ఏ కాగితమూ తేలేదు. ఎదురుపడినప్పుడల్లా "మంచిగున్నవా బిడ్డా" అని అడిగేది, అంతే.

ఎనభై మూడు వానాకాలంలో మాకు ఏడు నెలల పాప. పిల్ల దగ్గితే నేను గడియారం పట్టుకుని ఊపిరి లెక్కపెట్టేవాణ్ణి. నీళ్లు ఒకసారి కాచి, చల్లార్చి, నమ్మకం కుదరక మళ్లీ కాచేవాణ్ణి. "నువ్వు సదివిన సదువంత మన పిల్ల మీదనే వడ్డది," అని నా భార్య తారాబాయి నవ్వేది.

శ్రావణం మొదట్లో రెండో అంతస్తులో ఒక ముసలామెకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. రెండు రోజుల్లో మరో ఆరుగురికి. "గత్తర," అంది ముత్తమ్మ. నేను నల్లా నీళ్లు పరీక్షనాళికలో పట్టి ఆర్థోటొలిడిన్ చుక్కలు వేశాను. నీళ్లలో క్లోరిన్ ఉంటే పసుపురంగు రావాలి. ఐదు నిమిషాలు వెలుతురుకు ఎత్తి పట్టుకున్నా నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఎక్కడో మురుగు కలుస్తోంది.

మా వార్డు పెద్దసారు నన్ను పిలిచి, "నీ చాలే కదా, తెలుగువాళ్లే కదా, నువ్వే చూసుకో," అని ఉత్తర్వు కాగితం ఇచ్చాడు. నల్లాకు తీగ చుట్టి సీలు వేశాం. రోజూ ఒక టాంకరు వచ్చేది. జబ్బు పడ్డవాళ్లకు కింది గదిలో శిబిరం పెట్టారు. నియమాలను నేనే తెలుగులో రాసి మెట్ల దగ్గర అంటించాను. నల్లా ముట్టకూడదు. చుట్టాలు రాకూడదు. పనికి పోయేవాళ్లు పనికి పోయి రావాలి తప్ప ఎవరూ మరొకరి ఇంటికి పోకూడదు, పిల్లలను అసలే పంపకూడదు. ఎవరికి ఒక్క విరేచనమైనా కింది గదిలోని శిబిరంలో చెప్పాలి. కింద నా సంతకం.

మర్నాటికే సీలు తెగింది. నాగ్‌పాడాలో మోటారు మెకానిక్‌గా చేసే గంగారాం నా కాగితం ముందు నిలబడి చదువుతున్నట్టు నటించి, "మంచిగ రాసినవు సారూ. గని దప్పికకు సదువు రాదాయె," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మళ్లీ సీలు వేశాను. మళ్లీ తెగింది.

ఆ సాయంత్రం ముత్తమ్మ మా ఖోలీ గడప దగ్గరికి వచ్చి కూర్చుంది.

"బిడ్డా, గీ కాయిదాలతోని గాదు. కట్టు కట్టాలె."

"కట్టేంటవ్వా?"

"మా ఊర్ల గత్తరొస్తె పోచమ్మకు మొక్కి ఊరికి కట్టు కట్టేది. తాడుకు యాపమండలు గుచ్చి తొవ్వకు అడ్డం కట్టేది. కట్టినంక లోపటోడు బయిటికి వోడు, బయిటోడు లోపటికి రాడు. ఇప్పే దినం దాక గంతె. నువ్వు ఏదేది వద్దన్నవో గదంత కట్టుల వెడదం. నల్లా ముట్టుడు గుడ."

నాకు ఇబ్బందిగా అనిపించింది. వేపమండకు బాక్టీరియా ఆగదని చెప్పబోయాను. కానీ నా సంతకానికి ఆగనివాళ్లు దానికి ఆగుతారని ఆమె అంటోంది.

"ఎవరు కట్టాలి?"

"నేనే కడత. నీకు నమ్మకం లేదు. నమ్మకం లేనోడు కడితె నిలవది. గని ఒక్కటి యాదికుంచుకో. కట్టు తెగితె కట్టినోళ్లే జవాబియ్యాలె. తెంపినోడు యాడికన్న వోతడు, కట్టినోళ్ల మాట వోతది. నీ ఇంటికి గుడ గదే కట్టు. మాటిస్తవా?"

"అట్లాగే అవ్వా," అన్నాను. పాపకు నీళ్ల సీసా కడుగుతూ అన్నాను. అంత తేలిగ్గా.

మంగళవారం పొద్దున ముత్తమ్మ తలస్నానం చేసి చాల్ దర్వాజాకు వేపమండల తాడు కట్టింది. నల్లాకు పసుపు గుడ్డ చుట్టింది. వచ్చే మంగళవారం ఇప్పుతానంది. పనికి పోయేవాళ్ల కోసం తాడు ఒక కొన దించేది, వాళ్లు దాటగానే మళ్లీ బిగించేది. పీట తెచ్చుకుని అక్కడే కూర్చుంది, అక్కడే తింది. సీలు తెగలేదు. కొత్త జబ్బులు మూడో రోజుకు రెండుకు దిగాయి. నేను పెద్దసారుకు రిపోర్టు రాశాను. అందులో "ప్రజలకు నచ్చజెప్పి సహకారం పొందాము" అని ఉంది. ముత్తమ్మ పేరు లేదు. పెద్దసారు నా భుజం తట్టాడు.

ఆ మూడో రోజే మా పక్క ఖోలీ బాలమ్మ వచ్చింది. ఆమెకు మూడేళ్ల కొడుకు.

"తమ్మీ, నా పోరన్ని ధారావిల మా చెల్లె కాడ ఇడిసొస్త. నాలుగొద్దులు. నువ్వు జెప్తె ముత్తమ్మ తాడు దించుతది."

"లేదక్కా. వాడి కడుపులో ఇప్పటికే పురుగు ఉండొచ్చు. పైకి తెలియదు. అక్కడి పిల్లలకు అంటుకుంటుంది."

"నువ్వు దినాం రెండుసార్లు నీళ్లు గాస్తవు. నాకు స్టవ్వుల గాసునూనె లేదు. రేషన్ల రాలే."

"నియమం అందరికీ ఒకటే కదక్కా."

"సరే తమ్మీ. అందరికీ ఒకటే అయితె సరే," అని వెళ్లిపోయింది.

శనివారం పొద్దున రత్నాబాయి వచ్చింది. నిండు నెలలు. తొలి కాన్పు. నడుము పట్టుకుని దర్వాజా బయట నిలబడింది. నేను ఆఫీసుకు బయల్దేరుతూ మెట్ల మీద ఉన్నాను.

"అమ్మా, నొప్పులు మొదలైనట్టున్నయి. నాతోని రాయే."

ముత్తమ్మ లేచి తాడు దాకా వచ్చింది. చెయ్యి ఎత్తింది కానీ తాడు మీద పెట్టలేదు.

"నేను రాను బిడ్డా. మంగళారం దాక రాను. మీ అత్తను తీస్కోని దవాఖానకు వో."

"నువ్వు కట్టిన తాడే గదనే! నువ్వు దించుకోలేవా?"

"నేను గట్టింది గావట్టే దించుకోలేను."

రత్నాబాయి ఏడుస్తూ మరాఠీలో ఏదో గొణిగింది. తిట్టిందనుకుంటాను. ఫోరస్ రోడ్డు వైపు మెల్లగా నడిచి వెళ్లింది. మలుపు తిరిగేదాకా ముత్తమ్మ నిలబడే ఉంది. తర్వాత నా వైపు తిరిగి, "పో బిడ్డా, నీకు ఆలస్యమైతది," అని నా కోసం తాడు దించింది.

మర్నాడు ఆదివారం. పదింటికి మా ఎదుటి ఖోలీలో ఒకరికి వాంతులు మొదలయ్యాయి. మా పాప పాకేది ఆ వరండాలోనే. పన్నెండింటికి పాప నీళ్లలా ఒకసారి విరేచనం చేసుకుంది.

పళ్లు వచ్చే పిల్ల. బహుశా దానికే. ఆ మాట నాకు తెలుసు, తారాబాయికీ చెప్పాను. కానీ అప్పటికే గడియారం పట్టుకుని ఊపిరి లెక్కపెడుతున్నాను. నేను రాసిన నియమం ప్రకారం పాపను శిబిరానికి తీసుకెళ్లి చెప్పాలి. అక్కడ ఎవరెవరు పడుకున్నారో, ఏ గుడ్డ దేనికి వాడుతున్నారో నాకు తెలుసు. ఆలోచించాను. పాప తాగేది తల్లిపాలూ కాచిన నీళ్లే. నల్లా నీళ్లు ఒక్క చుక్క తాగలేదు. కాబట్టి నియమం ఎవరి గురించి రాసిందో వాళ్లలో పాప లేదు. పరేల్‌లో తారాబాయి అన్నగారిల్లు శుభ్రంగా ఉంటుంది. విడిగా ఒక గది ఉంది. ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ పోతే అన్నీ శాస్త్రబద్ధంగానే కనిపించాయి. బాలమ్మ కొడుక్కి ఇందులో ఒక్కటీ వర్తించదని కూడా అనిపించింది. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతున్నది అక్కడే.

దర్వాజా దగ్గర ముత్తమ్మ ఉంది. మా చాల్‌కూ వెనక చాల్‌కూ మధ్య ఘర్‌గల్లీ ఉంది. గల్లీ అని పేరే కానీ అది మనిషి నడిచేది కాదు. రెండు మేడల సండాసు గొట్టాలు దిగేది అందులోకి. మా వైపు దానికి ఇనప తలుపు, తాళం; అవతలి కొస వెనక వీధిలోకి. మురుగు నమూనాలు తీసుకోవడానికి ఆఫీసు ఆ వారమే ఆ తాళంచెవి నాకిచ్చింది, నేనింకా లోపలికి పోలేదు.

ఒంటిగంటకు వాన దంచికొట్టింది. అందరూ తలుపులు వేసుకున్నారు. నేను పాపను టవల్లో చుట్టి గుండెకు అదుముకున్నాను. తారాబాయి చీర మోకాళ్ల దాకా ఎత్తి నా వెనక వచ్చింది. మడమలు మునిగేంత మురుగు. పైనుంచి గొట్టాలు కారుతున్నాయి. గోడ వెంట మా నల్లా గొట్టం పోతోంది, తుప్పు పట్టి, సగం మురుగులో మునిగి. జబ్బు పుట్టిన చోటు అదేనని అప్పుడే చూశాను. పాప మొహం మీద గొడుగు పట్టుకుని దాన్ని దాటుకుంటూ పోయాను. సగం దారిలో తారాబాయి, "ముత్తమ్మకు జెప్పి ముందలికెల్లే వోతె అయిపోవు గద," అంది. నేను ఇంకా వేగంగా నడిచాను.

వాళ్లను పరేల్‌లో దించి, అదే దారిన తిరిగి వచ్చి తాళం వేశాను. బ్లీచింగ్ పౌడరుతో కాళ్లు మూడుసార్లు కడుక్కున్నాను. పాపకు ఆ ఒక్క విరేచనం తప్ప మళ్లీ ఏమీ కాలేదు. రెండు రోజులకు కింది పన్ను మొలిచింది.

రెండు రోజులూ నేను తలుపు దగ్గరగా వేసి ఉంచాను. ఆఫీసుకు పోతూ, "తలుపేసుకో," అని ఖాళీ గదితో అన్నాను, పక్కవాళ్లకు వినపడాలని. కానీ దండెం సంగతి మర్చిపోయాను. చాల్‌లో ఆడవాళ్లు మొహాలకన్నా ముందు దండేలు చూస్తారు.

కట్టు ఇప్పాల్సిన మంగళవారం. పొద్దున ఆరింటికి తలుపు కొట్టిన చప్పుడైంది. బాలమ్మ. ఆమె వెనక పది పదిహేను మంది.

"తారాబాయేది తమ్మీ?"

"పడుకుంది."

"పిల్లేది?"

"పిల్లా పడుకుంది."

"రెండొద్దుల సంది పండుకునే ఉందా? దండెం మీద గవే నాలుగు పొత్తిగుడ్డలు. వానకు తడిసినయి, గాలికి ఎండినయి, మల్ల తడిసినయి. నీ బిడ్డ ఉచ్చ వోసుడు మరిచిందా?"

"సర్కారు పిల్ల గద బాలమ్మక్కా," అన్నాడు వెనక నుంచి గంగారాం. "పర్మిషన్ రాంది వొయ్యది."

ఎవరో తలుపు తోశారు. లోపల ఉయ్యాల గుడ్డ కదలకుండా వేలాడుతోంది.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఒకామె మరదలి పెళ్లికి పోలేదు. ఒకతను మిల్లులో పక్కవాడి దగ్గర టిఫిను తినలేదు. బాలమ్మ మాత్రం గొంతు పెంచలేదు. "నియమం అందరికీ ఒకటే అన్నవు తమ్మీ. నేను గుడ సరే అన్న," అంది.

"ఆఫీసు నుంచి ప్రత్యేకంగా అనుమతి తీసుకున్నాను," అన్నాను. నోటికి అదే వచ్చింది. అలాంటి అనుమతి లేదు.

"నా పోరని కోసం ఎవల పర్మిషన్ అడిగిన్నో? నీదే గద!"

అప్పుడు వెనక ఎవరో అన్నారు, "దర్వాజ కాడ ముత్తమ్మ కూసుండె గద. ఆమె సూడకుంట ఎట్ల వోయిన్రు?"

ముత్తమ్మ అప్పటికే మెట్లు ఎక్కి వస్తోంది. వారం రోజులు గచ్చు మీద కూర్చుని ఆమె మోకాళ్లు పట్టేశాయి. గోడ పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కింది. జనం దారి ఇచ్చారు. ఖాళీ ఉయ్యాల చూసింది, నన్ను చూసింది.

"నేను పంపిన్నా బిడ్డా నిన్ను?"

నేను ఉయ్యాల వైపు చూశాను.

"నా ముంగటికెల్లి వోయినవా? వీళ్లకు జెప్పు."

కాదు అంటే చాలు. కానీ కాదంటే ఎటు పోయావని అడుగుతారు. ఘర్‌గల్లీ అనాలి. తాళంచెవి సంగతి చెప్పాలి. విరేచనం చేసుకున్న పిల్లను దాచిపెట్టి ఇంకో పేటకు తీసుకెళ్లానని ఆఫీసుకు తెలుస్తుంది. నౌకరీ పోతుంది. అంతకన్నా ముందు, పది మందికి కాగితాలు చదివిపెట్టే సారు పసిపిల్లనెత్తుకుని సండాసు గొట్టాల కింద నడిచాడని వీళ్లంతా వింటారు. నా జేబులో తాళంచెవి తొడకు గుచ్చుకుంటోంది.

"అవ్వా, అది ఆఫీసు విషయం. ఇక్కడ చెప్పేది కాదు," అన్నాను.

నేను అబద్ధమైనా చెప్పలేదు, నిజమైనా చెప్పలేదు. జనం తమకు తోచినట్టు అర్థం చేసుకున్నారు. గంగారామే అన్నాడు, "ఇగ సమజైంది. కన్నబిడ్డ ఏడ్సినా దించని తాడు సాబుకు దించింది."

ముత్తమ్మ మొహం నాకు గుర్తే. ఆమె వాళ్లకు ఏమీ చెప్పలేదు. నేను కాదు అంటానని ఇంకొంచెం సేపు నా వైపే చూసింది. తర్వాత గోడ పట్టుకుని దిగిపోయింది.

బాలమ్మ కొడుకును చంకనేసుకుని తాడు కింద నుంచి వంగి వెళ్లిపోయింది. ఆమె వెనక నాలుగు కుటుంబాలు. గంగారాం పట్టుకారుతో సీలు తెంపాడు. పసుపు గుడ్డ నల్లా కింద నీళ్లలో పడి కొట్టుకుపోయింది. నేను తలుపు వేసుకుని కూర్చున్నాను. ఆ నీళ్లు తాగొద్దని కిందికి వెళ్లి చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పే మొహం లేదు.

కట్టు ఇప్పేసరికి నేను మళ్లీ పరీక్ష చేసి, నీళ్లు బాగుపడేదాకా నల్లా మూసే ఉంచమని చెప్పాల్సింది. ముత్తమ్మ నోటితో చెప్పిస్తే వినేవాళ్లు. ఆ వారంలో తొమ్మిది మందికి జబ్బు చేసింది. ధారావిలో బాలమ్మ కొడుకూ, ఆమె చెల్లెలి బిడ్డా పడ్డారు. ఇద్దరూ దవాఖానలో పన్నెండు రోజులుండి బతికారు. మా చాల్ చివరి ఖోలీ లచ్చయ్య పోయాడు. ఆయన ఏ నీళ్లు తాగాడో, ఏ రోజు తాగాడో నేను రుజువు చేయలేను. నా వల్ల కాదని కూడా రుజువు చేయలేను. ఘర్‌గల్లీలో గొట్టం గురించి నేనే రిపోర్టు రాశాను, నమూనా కోసం వెళ్లినప్పుడు చూశానని. నల్లా కట్టేసి గొట్టం మార్చారు. ఆఫీసులో నన్నెవరూ ఏమీ అడగలేదు.

రత్నాబాయికి ఆడపిల్ల పుట్టింది. ముత్తమ్మ వెళ్లేసరికి పిల్లకు మూడు రోజులు. కూతురు పిల్లను చేతికి ఇవ్వలేదని, ఎవరికోసమో తాడు దించావట కదా అందని తర్వాత విన్నాను.

మూడు వారాలకు నల్లా మళ్లీ వచ్చింది. పీట లేదు. మొదటి రోజే ఇద్దరు కొప్పులు పట్టుకున్నారు. ముత్తమ్మ తన బిందె తెచ్చి వరుస చివర పెట్టి, ఎవరి వైపూ చూడకుండా నిలబడేది. ముందుకు తోసేవాళ్లు తోసేవాళ్లే.

తారాబాయి పరేల్ నుంచి వచ్చిన నాలుగో రోజు ఇదంతా చూసింది. ఆ పొద్దున నా చేతికి బిందె ఇచ్చింది. "నువ్వు జెప్తవా, నన్ను జెప్పమంటవా?"

కిందికి దిగాను. నల్లా వస్తోంది. గొంతు ఎత్తడం చేతకాక, ఎదురుగా ఉన్న బాలమ్మతో అన్నాను.

"అక్కా, ఆ రోజు ముత్తమ్మ తాడు దించలేదు. ఆమెకు తెలియదు. ఆఫీసు అనుమతీ లేదు. నేను ఘర్‌గల్లీలో నుంచి పోయాను. తాళంచెవి నా దగ్గర ఉండేది."

బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ తీయలేదు.

"గా పీతిలకెల్లా?" అంది బాలమ్మ. "పిల్లనెత్తుకోనా?"

"అవును."

ఆమె పక్కకు తిరిగి ఉమ్మింది. "ఇంత సదువు సదివి..." అని ఆపేసి, "పిల్ల మంచిగుందా?" అంది.

"ఉంది."

"నావోడు నిన్ననే గంజి దాగిండు."

మెట్ల మీద నుంచి గంగారాం, "అరే గల్లీ సాబ్!" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. ఆ పేరు నాకు ఇప్పటికీ ఉంది.

బాలమ్మ వరుస చివరికి వెళ్లి ముత్తమ్మ చెయ్యి పట్టుకుంది. "అత్తా, మాదే తప్పాయె. పీట తెచ్చుకో. నువ్వు లేకుంటె గీ లొల్లి సూస్తున్నవు గద."

"తప్పు మీది గాదు," అంది ముత్తమ్మ. నా పేరు ఎత్తలేదు. "నేనొక దర్వాజ కాడ కూసున్న. రేపు ఇంకొకడు ఇంకో గల్లిలకెల్లి వోతడు. నేను ఎన్ని తొవ్వలకని కూసుందు? మీ బిందెలు మీరే సూసుకోన్రి."

"అవ్వా," అన్నాను. ఏదో ఒకటి చేయాలనిపించింది. చివరన ఉన్న ఆమె బిందె ఎత్తుకుని, ముందుకు తెచ్చి నల్లా కింద పెట్టాను. ఎవరూ అడ్డం చెప్పలేదు. ముసలామె, ఇన్నాళ్లు బాధపడింది, ముందు పట్టుకుంటే ఎవరికి నష్టం అనుకున్నాను.

ముత్తమ్మ మెల్లగా నా పక్కకు వచ్చింది. బిందెలో పడుతున్న నీళ్లను చూసింది.

"మల్ల గదే పని జేస్తున్నవు బిడ్డా," అంది, నాకు ఒక్కడికే వినపడేట్టు.

సగం నిండిన బిందెను నల్లా కింద నుంచి తీశాను. అప్పటికి వంతు వచ్చి నిలబడి ఉన్నామె బిందెలో ఆ నీళ్లు వంచాను. ఖాళీ బిందె పట్టుకుని, అందరి ముందు నుంచీ నడిచి, వరుస చివర అది ఉన్న చోటే పెట్టాను.